హిందీ కుటుంబ కథా చిత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే హిందీ సినిమాల గురించి పదేపదే వచ్చే ప్రశ్నలివి. జవాబుల్లో సమాచారంతో పాటు నా అభిప్రాయాలూ కలిసే ఉంటాయి.

ఏ సినిమాని కుటుంబ కథా చిత్రం అనాలి? కథలో అమ్మా నాన్నా ఉంటే చాలదా?

చాలదు. 'దీవార్'లో తల్లి ఉంది, అన్నదమ్ములున్నారు, కన్నీళ్ళూ ఉన్నాయి. అయినా ఆ కథ నడిచేది రేవులోనూ పోలీసు ఉద్యోగంలోనూ. చిక్కుముడి ఇంటి మనుషుల వల్లే పడి, వాళ్ళ చేతుల మీదే విడిపోతే అది కుటుంబ కథ. పోలీసులొచ్చి విప్పాల్సి వస్తే వేరే రకం.

నా కొలత ఇంకొకటి ఉంది. ఈ సినిమాల్లో ఏ తగాదానైనా కాస్త తవ్వి చూడండి, అడుగున డబ్బు కనిపిస్తుంది. ఇల్లు ఎవరి జీతం మీద నడుస్తోంది, బీరువా తాళాలు ఎవరి కొంగుకున్నాయి, రిటైరైన తండ్రి మందుల ఖర్చు ఎవరిది? పాటలూ పండగలూ పెళ్ళిళ్ళూ ఆ ప్రశ్నల మీద కప్పిన పట్టుశాలువాలు. కింద ఇచ్చిన జవాబులు చాలావరకు చుట్టూ తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయి.

ఈ తరహా బొంబాయిలోనే పుట్టిందా?

పేరు బొంబాయిది, పని మాత్రం చాలాకాలం మద్రాసుది. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ఎన్టీఆర్, ఏయన్నార్ కలిసి నటించిన 'సంసారం' 1950లో వచ్చింది. మరుసటి ఏడే జెమిని అధినేత ఎస్.ఎస్. వాసన్ దాన్ని హిందీలో 'సంసార్'గా తీశారు. అందులో 'అమ్మా రోటీ దే, బాబా రోటీ దే' అనే పాట ఉత్తరాదిలో బాగా పాకింది. గమనించండి, కుటుంబ చిత్రం హిందీలో అడుగుపెట్టిన తొలిరోజుల్లో జనం నోట నానిన పాట ప్రేమ గురించి కాదు, రొట్టె గురించి.

తర్వాత అది ఒక దారి అయిపోయింది. 1957లో ఏవీఎం వారి 'భాభీ', 1961లో జెమిని వారి 'ఘరానా', 1965లో 'ఖాన్‌దాన్'. 'ఘరానా' అంటే మన 'శాంతినివాసం' (1960). ఇక్కడ సూర్యకాంతం గారు ఆడించిన ఇంటిని అక్కడ లలితా పవార్ ఆడించింది. 'ఖాన్‌దాన్'కి మూలం తమిళ 'భాగ పిరివినై'. అదే కథ తెలుగులో 'కలసి ఉంటే కలదు సుఖం'. తమిళ 'పాశమలర్' మనకి 'రక్తసంబంధం', హిందీ వాళ్ళకి 'రాఖీ'. ఈ రెండూ 1962లోనే వచ్చాయి.

మద్రాసులోనే ఎందుకంటే, అక్కడి స్టూడియోలకి సొంత ఫ్లోర్లున్నాయి, ల్యాబులున్నాయి, నెలజీతం మీద పనిచేసే నిపుణులున్నారు. చేతిలో ఒకటో రెండో భాషల్లో ఆడి డబ్బు తెచ్చిన కథ ఉంది. పైగా బొంబాయి తార మద్రాసు వచ్చిందంటే పొద్దున ఒక సెట్టు, మధ్యాహ్నం ఇంకో సెట్టు అని పరిగెత్తే వీలుండదు. అనుకున్న రోజుల్లో సినిమా పూర్తయ్యేది. నిర్మాతకి ఇంతకంటే ఏం కావాలి?

ఇందులో తెలుగువాళ్ళ చెయ్యి ఎంత?

చాలా. ఎల్.వి. ప్రసాద్ ఒక్కరి జాబితాయే బారెడుంటుంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, బొంబాయి చేరి, తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా'లోనూ తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ చిన్న వేషాలు వేసిన మనిషి. ఆయన హిందీలో 'శారద' (1957), 'ఛోటీ బహన్' (1959), 'ససురాల్' (1961), 'దాదీ మా' (1966), 'జీనే కీ రాహ్' (1969), 'ఖిలౌనా' (1970), 'బిదాయీ' (1974) తీశారు, కొన్నింటికి నిర్మాతగా, కొన్నింటికి దర్శకుడిగా కూడా. వీటిలో చాలావాటికి తెలుగు మూలాలున్నాయి. 'ససురాల్' మన 'ఇల్లరికం', దర్శకుడు తాతినేని ప్రకాశరావే. 'జీనే కీ రాహ్' 1953 నాటి 'బ్రతుకు తెరువు'. 'బిదాయీ' ఎన్టీఆర్ స్వయంగా దర్శకత్వం వహించిన 'తల్లా? పెళ్ళామా?'. 'ఖిలౌనా'దయితే మరీ విచిత్రమైన ప్రయాణం. గుల్షన్ నందా రాసిన హిందీ నవల ముందు తెలుగులో 'పునర్జన్మ' (1963) అయ్యి, అటునుంచి మళ్ళీ హిందీకి చేరి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ చిత్రం అవార్డు గెలిచింది. ప్రసాద్ గారికి 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చారు.

బి. నాగిరెడ్డి 'ఘర్ ఘర్ కీ కహానీ' (1970) తీశారు. దాసరి తన 'స్వర్గం నరకం'ని 'స్వర్గ్ నరక్' (1978) చేశారు. 80లలో కె. బాపయ్య, టి. రామారావు హిందీలో వరసగా సినిమాలు తీస్తూ పోయారు.

రీమేక్ అంటే సీను సీనూ దింపేయడమేనా? ఏం మార్చేవారు?

కథ ఎముకల గూడు అలాగే ఉంచేవారు. మార్చింది ఆచారాలని. దక్షిణాది కథల్లో అన్నాచెల్లెళ్ళ ప్రేమకి ప్రత్యేకంగా ఒక పండగ అక్కర్లేదు. హిందీ ప్రేక్షకుడికి రాఖీ కనిపించాలి. 'ఛోటీ బహన్'కి మూలమైన తమిళ కథని హిందీలోకి తెచ్చేటప్పుడు 'భయ్యా మేరే రాఖీ కే బంధన్ కో నిభానా' చేరింది. శంకర్-జైకిషన్ బాణీలో లతా పాడిన ఆ పాట ఇప్పటికీ ప్రతి శ్రావణ పౌర్ణమికి రేడియోలో వస్తుంది. 'పాశమలర్' విషయంలో ఏకంగా సినిమా పేరే 'రాఖీ' అయిపోయింది.

ఇక హాస్యం. మూలంలో రేలంగి ఉన్నచోట మెహమూద్ వచ్చేవాడు, ఎదురుగా శుభా ఖోటే, మధ్యలో ధుమాల్. మాటలు, పాటలకి హిందీ, ఉర్దూ తెలిసిన రచయితలు కావాలి. రాజేంద్ర కృష్ణ్ ఆ పనిలో మద్రాసు స్టూడియోలకి అయినవాడైపోయాడు. 'భాభీ'లోని 'చల్ ఉడ్ జా రే పంఛీ' ఆయన రాసిందే.

'హమ్ ఆప్‌కే హై కౌన్' అంత పెద్ద విజయం ఎలా అయ్యింది? కథే లేదు కదా!

ఈ పేజీకి వచ్చే ప్రశ్నల్లో మొదటి స్థానం దీనిదే. సమాధానమూ కాస్త పొడుగే.

1994 ఆగస్టులో విడుదలకి ముందు సినిమా వర్గాల్లో దీన్ని పెళ్ళి వీడియో అని వెక్కిరించినవాళ్ళున్నారు. 14 పాటలు, దాదాపు మూడున్నర గంటల నిడివి, ఒక్క ఫైటు లేదు. అప్పటికి హాళ్ళ పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోండి. ఇంటింటికీ కేబుల్ వచ్చింది, కొత్త సినిమా దొంగ క్యాసెట్లో దొరుకుతోంది. థియేటర్లో సీట్లు చిరిగి, ఫ్యాన్లు తిరగక, కుటుంబాలు ఆ వైపు వెళ్ళడం మానేశాయి. రాజశ్రీ సంస్థ ముందు పంపిణీ వ్యాపారంలో పుట్టింది. 1947లో తారాచంద్ బర్జాత్యా మొదలుపెట్టింది. కాబట్టి ఈ జబ్బు వాళ్ళకి బాగా తెలుసు. వీడియో హక్కులు వెంటనే అమ్మలేదు. మొదట తక్కువ హాళ్ళలో, అదీ సౌకర్యాలు బాగున్న వాటిలో వేశారు. టికెట్ ధర పెంచినా జనం వచ్చారు. బొంబాయి లిబర్టీ థియేటర్లో రెండేళ్ళకి పైగా ఆడింది. సినిమా ఎంత బాగున్నా ఈ వ్యాపార తెలివి లేకపోతే ఆ విజయం ఆ స్థాయిలో ఉండేది కాదని నా నమ్మకం.

ఇక కథ సంగతి. కథ ఉంది, అదీ పాతదే. కేశవ్ ప్రసాద్ మిశ్రా నవల 'కోహ్‌బర్ కీ శర్త్' ఆధారంగా రాజశ్రీ వారే 1982లో 'నదియా కే పార్' తీశారు. తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లె, రైతు కుటుంబం, ఎడ్లబండి, నది. అక్క చనిపోతే పసిబిడ్డ కోసం చెల్లెల్ని బావకి ఇవ్వాలనుకోవడం, ఆ చెల్లెలు బావ తమ్ముణ్ణి ప్రేమించి ఉండటం. సూరజ్ బర్జాత్యా అదే కథని తీసుకుని ఎడ్లబండి తీసేసి కారు పెట్టాడు, పెంకుటిల్లు తీసేసి బంగళా కట్టాడు. రెండు సినిమాలూ ఒకదాని వెంట ఒకటి చూడండి. పల్లె కథలో ప్రతి నిర్ణయం వెనకా లేమి ఉంది. పసిబిడ్డని పెంచడానికి ఇంట్లో ఆడమనిషి లేకపోతే ఆ ఇల్లు నిజంగానే కుంగిపోతుంది. బంగళాలో డజనుమంది నౌకర్లున్నారు కాబట్టి ఆ ఒత్తిడి లేదు. అందుకే దర్శకుడు ఖాళీ అయిన ఆ జాగాని వేడుకలతో నింపాడు: చెప్పులు దాచే ఆట, సీమంతం, దిండు చేతులు మార్చుకుంటూ ఆడే ఆట. ఆ దిండు ఆట సన్నివేశం మామూలు దర్శకుడైతే రెండు నిమిషాల్లో కోసేస్తాడు. సూరజ్ ఒక్కొక్కరి వంతు వచ్చేదాకా ఆగాడు. ఆగినందుకే ఆ ఇంట్లో మనమూ చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. కుక్క చీటీ మోసుకెళ్ళి ముడి విప్పడం మాత్రం ఎన్నిసార్లు చూసినా మింగుడు పడదు.

ఆ పాటల్లో సల్మాన్‌కి పాడింది మన బాలు గారేనా?

అవును. 'మైనే ప్యార్ కియా' (1989)తో మొదలై 'దీదీ తేరా దేవర్ దీవానా' దాకా సల్మాన్ గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమే. సంగీతం రామ్‌లక్ష్మణ్. మొదటి సినిమా తెలుగులో 'ప్రేమ పావురాలు'గా, రెండోది 'ప్రేమాలయం'గా డబ్ అయి ఇక్కడా బాగా ఆడాయి. మన పెళ్ళిళ్ళలో వరుడి చెప్పులు దాచి డబ్బు అడిగే అల్లరి పెరగడానికి రెండో సినిమాలోని 'జూతే దో, పైసే లో' పాటే కారణమని చాలామంది అంటారు. కొంత నిజమే అనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చిన సినిమాల్లో అందరూ అంత ధనవంతులెందుకు?

90లలో చూసేవాళ్ళు మారారు. లండన్, న్యూజెర్సీ, దుబాయ్‌లలో టికెట్ కొనేవాడు ఇచ్చే డబ్బు ఇక్కడి చిన్న ఊరి వసూళ్ళని మించిపోయింది. 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' (1995) ఆ దారి తెరిచింది. కరణ్ జోహార్ 'కభీ ఖుషీ కభీ గమ్' (2001) దాన్ని చివరిదాకా తీసుకెళ్ళింది. రాయ్‌చంద్ గారి ఇల్లు అని చూపించింది నిజానికి ఇంగ్లండ్‌లోని బకింగ్‌హామ్‌షైర్‌లో ఉన్న వాడెస్‌డన్ మేనర్. ఢిల్లీ వ్యాపారి ఇల్లు అలా ఉంటుందని నమ్మినవాళ్ళెవరూ లేరు, పట్టించుకున్నవాళ్ళూ లేరు. లండన్ బళ్ళో పిల్లవాడు 'జన గణ మన' అందుకుంటే ఇక్కడ హాల్లో జనం లేచి నిలబడ్డారు.

ఈ సంపద వల్ల కథకి ఒక నష్టం జరిగింది. పాత సినిమాల్లో అన్నదమ్ములు విడిపోయేది జీతం దగ్గర, పొలం దగ్గర. ఇక్కడ డబ్బుకి లోటే లేదు కాబట్టి గొడవ పెట్టుకోవడానికి మిగిలింది ఒక్కటే, తండ్రి మాట. అమితాబ్ 'చెప్పేశాను, అంతే' అన్నాక ఇంట్లో ఎవరూ నోరెత్తరు. జయా బచ్చన్ కళ్ళతో మాట్లాడుతుంది. మూడున్నర గంటల సినిమా ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోవడం కోసమే నడుస్తుంది. నటులు గట్టివాళ్ళు కాబట్టి నడిచింది.

ఇలాంటి సినిమా తీయడంలో కష్టం ఏముంది? ఒక ఇల్లు, కొందరు నటులు...

ఆ 'కొందరు నటులు' అన్నదే కష్టం. యాక్షన్ సినిమాలో హీరో, విలన్ల డేట్లు కుదిరితే చాలు. ఇక్కడ భోజనాల బల్ల సన్నివేశానికి పన్నెండుమంది ఒకే రోజు, ఒకే చోట కావాలి. ఒకరు రాకపోతే ఆ రోజు పని పోయినట్టే. రీమా లాగూ, అలోక్ నాథ్, అనుపమ్ ఖేర్ లాంటివాళ్ళు అన్ని సినిమాల్లోనూ కనిపించడానికి ఇదీ ఒక కారణం. టేకులు తినకుండా, పక్కవాడి డైలాగు నడుస్తుంటే ముఖంలో ఏం ఉండాలో తెలిసినవాళ్ళు వాళ్ళు.

రెండోది హాలు సెట్. రెండు వైపులా మెట్లు, మధ్యలో ఖాళీ, పైన వరండా, మూల దేవుడి గది. చెడ్డకబురు మెట్ల మీద నుంచి దిగుతుంది. వెళ్ళిపోయేవాడు గుమ్మంలో ఒక్కసారి ఆగుతాడు. వాడిని ఆపలేనివాళ్ళు పై వరండాలో నిలబడతారు. అందరూ ఒకే ఫ్రేములో పట్టాలి, అదే సమయంలో ఎవరి బాధ వాళ్ళ ముఖం మీద విడిగా కనిపించాలి. అందుకే వెడల్పు ఫ్రేము, వెంటనే ఒకదాని తర్వాత ఒకటి క్లోజప్పులు. టీవీ సీరియల్ వాళ్ళు ఆ క్లోజప్పుల్ని మాత్రం పట్టుకుని, వెడల్పు ఫ్రేముని వదిలేశారు.

విలన్ లేకుండా రెండున్నర గంటలు ఎలా నడుస్తుంది?

విలన్ ఉంటాడు, కాకపోతే చిన్నవాడు. పిన్నో మేనమామో వచ్చి చెవిలో ఒక మాట వేస్తారు. 'హమ్ సాథ్ సాథ్ హై' (1999) రామాయణాన్ని నేరుగా తెచ్చుకుంది. సవతితల్లి మనసు విరిచేది ఆమె స్నేహితురాళ్ళు, వెళ్ళేది పెద్దకొడుకు, ఊరి పేరు కూడా రామ్‌పూరే. ప్రేక్షకుడికి తల్లి మీద కోపం రాదు, మంథరల మీద వస్తుంది. చివర్లో తల్లిని క్షమించడానికి అది దారి. తెలివైన పనే. కానీ మంచితనం మరీ ఎక్కువైన సినిమా అది. అందరూ ఒకరికొకరు త్యాగం చేసుకుంటూ పోతుంటే మధ్యలో ఒక్కడైనా విసుక్కుంటే బాగుండుననిపిస్తుంది.

ఆడవాళ్ళని ఈ సినిమాలు అణచి చూపిస్తాయన్న విమర్శ నిజమా?

చాలావరకు నిజం. 'హమ్ ఆప్‌కే హై కౌన్'లో అక్క చనిపోయాక చెల్లెలి పెళ్ళి ఎవరితో అన్నది ఆమెని సూటిగా అడగకుండానే తేలిపోతుంది. మంచి కోడలు వంటింట్లో, చెడ్డ కోడలు కిట్టీ పార్టీలో. ఈ పంపకం దశాబ్దాలు నడిచింది. ఒక్క మినహాయింపు చెప్తాను. 'జుదాయీ' (1997)లో శ్రీదేవి డబ్బు కోసం భర్తని మరొకామెకి ఇచ్చేస్తుంది. ఎస్.వి. కృష్ణారెడ్డి 'శుభలగ్నం' కథే అది. ఆ సినిమా కూడా చివరికి ఆమెకి బుద్ధి చెప్పే తీరుతుంది గానీ, మధ్యతరగతి ఇల్లాలికి కారు మీద, టీవీ మీద ఎంత ఆశ ఉంటుందో దాచకుండా చూపించింది. తర్వాత చాలా ఏళ్ళకి 'థప్పడ్' (2020) ఒక్క చెంపదెబ్బ చుట్టూ కథంతా నడిపి, ఎన్ని సినిమాల్లో ఆ దెబ్బని మనం చూసీచూడనట్టు దాటేశామో తెలిసేలా చేసింది.

'బాగ్‌బాన్' చూస్తుంటే 'బడి పంతులు' గుర్తొస్తుంది. రెండూ ఒకటేనా?

రీమేక్ కాదు, పోలిక మాత్రం చాలా ఉంది. ఎన్టీఆర్, అంజలీదేవి నటించిన 'బడి పంతులు' (1972) కన్నడ 'స్కూల్ మాస్టర్' (1958) నుంచి వచ్చింది. ఆ కథ 1959లో హిందీలోనూ వచ్చింది. రిటైరైన తండ్రి, తల్లిదండ్రుల్ని చెరొకరు పంచుకునే కొడుకులు. 'బాగ్‌బాన్' (2003)లో మేష్టారి బదులు బ్యాంకు ఉద్యోగి. కొడుకులకి కార్లు, చదువులు కొనిచ్చి చేతిలో ఏమీ మిగుల్చుకోని మనిషి. నిజానికి ఆ సినిమాలో కొడుకుల దుర్మార్గం కంటే తండ్రి తనకంటూ పొదుపు చేసుకోకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

టీవీలో 'సూర్యవంశమ్' ఎందుకు అన్నిసార్లు వేస్తారు?

1999లో హాళ్ళలో పెద్దగా ఆడని సినిమా టీవీలో ఇంటి మనిషైపోయింది. తమిళంలో, తర్వాత వెంకటేష్‌తో తెలుగులో వచ్చిన కథని ఈవీవీ సత్యనారాయణ హిందీలో అమితాబ్‌తో తీశారు. పక్కన సౌందర్య. మధ్యలో ఎక్కడ పెట్టినా అర్థమవుతుంది, వంట చేసుకుంటూ చూడొచ్చు. చదువురాని కొడుకు బస్సుల యజమాని అవుతాడు, భార్య కలెక్టర్ అవుతుంది. చిన్న ఊళ్ళలో ఈ రెండు ఆశలూ లేని ఇల్లుండదు. ఛానెల్ వాళ్ళని ఎగతాళి చేసే జోకులు ఎన్నున్నా, వస్తుంటే రిమోట్ పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు కాబట్టే వేస్తున్నారు.

అత్తాకోడళ్ళ సీరియళ్ళు వచ్చాక ఈ సినిమాలు తగ్గాయా?

తగ్గాయి. 2000లో 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ' మొదలయ్యాక రోజూ రాత్రి ఉచితంగా దొరికే ఏడుపుకి టికెట్ ఎవరు కొంటారు?

ఇప్పుడు మంచివి వస్తున్నాయా?

వస్తున్నాయి. డబ్బు మళ్ళీ కథలోకి తిరిగొచ్చింది కూడా. 'ఖోస్లా కా ఘోస్లా' (2006) అంతా కబ్జా అయిన ఢిల్లీ ప్లాటు చుట్టూ తిరుగుతుంది. జీవితకాలం పొదుపుతో స్థలం కొన్న ప్రతి తండ్రీ అనుపమ్ ఖేర్ ముఖంలో తనని చూసుకుంటాడు. 'దిల్ ధడక్‌నే దో' (2015)లో కంపెనీ దివాలా తీయబోతుంటే ఓడ మీద విందు చేస్తారు. 'కపూర్ అండ్ సన్స్' (2016)లో ప్లంబరు పని చేస్తుండగా ఇంట్లో మొదలయ్యే అరుపులు చూడండి. ఒకరి మాట మీద ఒకరు, పాత లెక్కలన్నీ బయటికి లాగుతూ, బయటివాడు వింటున్నాడన్న ధ్యాస కూడా లేకుండా. ఎవరూ పూర్తిగా తప్పు కాదు, ఎవరూ పూర్తిగా ఒప్పూ కాదు. ఈ తరహాలో గత ఇరవై ఏళ్ళలో అంత నిజమైన సన్నివేశం నేను ఇంకోటి చూడలేదు. 'బధాయీ హో' (2018)లో పెళ్ళీడు కొడుకున్న తల్లి గర్భవతి అయితే ఇల్లు సిగ్గుతో ముడుచుకుపోవడం నవ్వు తెప్పిస్తూనే గుచ్చుతుంది. కరణ్ జోహార్ కూడా 'రాకీ ఔర్ రానీ కీ ప్రేమ్ కహానీ' (2023)లో తన పాత ఇంటినే తీసుకుని, ఈసారి ఇంటి పెద్ద మాటకి ఎదురు చెప్పించాడు. ఆ పెద్ద జయా బచ్చనే కావడం సరదాగా ఉంది.

కొత్తగా చూడాలనుకునేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి? పిల్లలు కూర్చుంటారా?

మూడున్నర గంటల సినిమాలకి పిల్లలు కూర్చోరు, ముందే చెప్తున్నాను. వాళ్ళతో అయితే 'ఖోస్లా కా ఘోస్లా' పెట్టండి, రెండు గంటల్లో అయిపోతుంది, నవ్వుకుంటారు. 'కపూర్ అండ్ సన్స్' పెద్దవాళ్ళకే. అమ్మమ్మలూ తాతయ్యలూ ఇంట్లో ఉంటే 'ససురాల్' చూపించండి. 'ఇల్లరికం' చూసినవాళ్ళైతే పది నిమిషాల్లో పట్టేసి, తర్వాత ఏం జరుగుతుందో వాళ్ళే ముందుగా చెప్పేస్తుంటారు. 'హమ్ ఆప్‌కే హై కౌన్' రెండు రాత్రులకి పంచుకోండి, అక్క పెళ్ళి అయ్యేదాకా ఒకటి, మిగతాది మర్నాడు.